నడుముకు దిగిన కండువా

మెట్టరేవులో తగువు తీర్చే పద్ధతి ఒకటుంది. అది తెలియకపోతే సింహాచలం చేసింది బుద్ధి తక్కువ పనిలాగే కనిపిస్తుంది. చాలామందికి అలాగే కనిపించింది. పలాస నుంచి ఎవరో మైకు పట్టుకుని వచ్చి, అమాయక మత్స్యకారుడని ఒక్క ముక్కలో తేల్చేసి, తాగిన కొబ్బరి బొండాలు గుమ్మంలోనే పారేసి వెళ్ళిపోయారు. సింహాచలాన్ని అమాయకుడని ఆ ఊళ్ళో ఆడవాళ్ళ ముందు అని చూడండి, చేపలు కోసే కత్తి పట్టుకుని వెంటపడకపోతే నన్నడగండి.

పద్ధతి ఇదీ. ఉద్దానం తీరాన ఉన్న ఈ పల్లెలో వల దగ్గరైనా, వాటా దగ్గరైనా, గట్టు దగ్గరైనా మాటా మాటా వస్తే పోలీస్ స్టేషన్ మెట్లెక్కరు. వలలు బాగుచేసుకునే పెద్ద పాకలో పెద్దలు కూర్చుంటారు. ఎవరి మీద మాట వచ్చిందో ఆ మనిషి ముందుగా కొంత సొమ్ము తెచ్చి వాళ్ళ ముందు పెట్టాలి. దాన్ని ధరావతు అంటారు. తప్పు లేదని తేలితే పైసా తగ్గకుండా తిరిగి అతని చేతిలో పెడతారు. తప్పుందని తేలితే అందులోంచే పట్టుకుంటారు. ధరావతు కట్టడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు. కట్టనని మొండికేసినవాడినే ఊరు వింతగా చూస్తుంది. ఇంకొకటి, పంచాయితీ కూర్చునేదాకా ఆ మనిషి తన తగువు గురించి ఎవరి దగ్గరా నోరు విప్పకూడదు. కట్టుకున్న పెళ్ళాం దగ్గర కూడా. విప్పాడంటే మనుషుల్ని కూడగట్టుకుంటున్నట్టు లెక్క. పాకలో నిలబడేటప్పుడు భుజం మీది కండువా తీసి నడుముకు కట్టుకోవాలి. తీర్పు చెప్పేవాళ్ళ భుజాన మాత్రం కండువా ఉంటుంది.

ఆ పాకలో ముప్ఫై ఏళ్ళుగా నడిమధ్యన కూర్చున్నవాడు సింహాచలం. భుజాన కండువా లేకుండా అతన్ని చూసినవాళ్ళు ఊళ్ళో లేరు, ఒక్క మంగ తప్ప.

మంగ అతని భార్య. వాళ్ళకు పిల్లల్లేరు. "ఊరోల్ల తగువులే మా పిల్లలు, ఒక్కటీ కుదురుగా ఉండదు" అని నవ్వేది. ఇంటికి ఎవరైనా వచ్చి గొంతు తగ్గించారంటే చాలు, ఆమె చేటో బుట్టో చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. తర్వాత ఏమిటని అడిగేది కాదు. అడగకపోవడమే మర్యాద అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మర్యాద మీదే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఇక సొమ్ము సంగతి చెప్పాలి, చెప్పకుండా కథ నడవదు. ధనరాజు అని ఆ ఊరివాడే, గుజరాత్‌లో వేరావల్ రేవుకు బోటు పనికి వెళ్ళి పెట్టెలో తిరిగొచ్చాడు. అతను పోయినందుకు వచ్చిన పరిహారం భార్య కుమారి చేతిలో పడిన రోజే మరిది యువరాజు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అన్న ప్రాణంలో తమ్ముడికి వాటా ఉందట. కుమారి ఏడవలేదు, గొడవ పడలేదు. సొమ్మంతా సంచిలో పెట్టుకుని తిన్నగా సింహాచలం ఇంటికి వచ్చింది.

"నీ కాడుంటే నాకు బెంగ నేదు మావా. మా ఇందు నర్సు సదువుకి ఎల్లేదాకా ఉంచు" అంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొక్కని గడప తక్కువ. ఇందు తన అమ్మమ్మను డయాలసిస్ చేయించడానికి పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళేది. అక్కడ ఒక నర్సు ముసలమ్మ చేయి నిమిరి, నిమిరి, నొప్పి తెలియకుండా సూది గుచ్చడం చూసిందట. ఆ ముసలమ్మ దక్కలేదు కానీ, పిల్ల మనసులో ఆ నర్సు ఉండిపోయింది. సింహాచలం ఆ సొమ్మును పలాస బ్యాంకులో తన పేరు మీద వేశాడు. యువరాజు చేతికి అందకూడదంటే అంతకంటే దారి లేకపోయింది. అప్పుడే బ్యాంకువాళ్ళు అడిగితే పాన్ కార్డు కూడా తీయించుకున్నాడు. ఆ కార్డును దేవుడి పటం వెనక దాచి, పండక్కి పటం తుడిచినప్పుడల్లా దాన్ని కూడా తుడిచి పెట్టేవాడు.

ఈ వేసవి చివర, ఇందు ఇంటర్ పాసై నర్సింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మంగ ఒకరోజు తీరాన ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు బుట్టకెత్తుకుని ఇంటికి వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టబోయి ఆగిపోయింది.

నడింట్లో సింహాచలం నిలబడి ఉన్నాడు. ఎదురుగా బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి ఉంది. అతని కండువా భుజాన లేదు. నడుముకు కట్టి ఉంది.

ఫోన్లోంచి గొంతు వస్తోంది. నెమ్మదైన గొంతు, చదువుకున్నవాళ్ళ తెలుగు. "సింహాచలం గారూ, మీరు పెద్దమనిషి. మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ పద్ధతి పద్ధతే కదండీ. సొమ్ము ముందు మా దగ్గర ఉంచాలి. తప్పు లేదని తేలితే పైసాతో సహా తిరిగి వస్తుంది. అంతవరకూ ఎవ్వరితోనూ అనకూడదు. ఇంట్లోవాళ్ళతో కూడా."

"సిత్తం బాబూ" అన్నాడు సింహాచలం.

ఆ గొంతుగలవాడు ఏ ఊళ్ళో కూర్చుని మాట్లాడాడో, వాడి నోట్లో పుళ్ళు పడ! వాడు చెప్పింది మెట్టరేవు పాకలో ముప్ఫై ఏళ్ళుగా వినిపిస్తున్న మాటే. అక్షరం పొల్లుపోలేదు. మంగ విన్నది, విని కూడా ఏమీ అనుకోలేదు. ఇంకే ఊరివాళ్ళో పెద్ద తగువు పెట్టారు, ఈయన ఎవరి తరఫునో పూచీ నిలబడ్డాడు, ఈ కాలంలో పంచాయితీలు కూడా ఫోన్లోకి వచ్చేశాయి అనుకుంది. సింహాచలం ఆమెను చూసి, చప్పుడు చేయవద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఎప్పటిలాగే ఆమె బుట్ట చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పూట అతను అన్నం ముట్టలేదు. కొరమేను పులుసంటే కంచం నాకేసే మనిషి, వేలు ముంచి వదిలేశాడు.

"ఒంట్లో బాగోనేదా మావా?" అని మాత్రం అడిగింది. అంతవరకు అడగడానికి ఆమెకు హక్కుంది.

"బాగానే ఉన్నాదే. ఓ తగువు తేలాల. తేలితే అంతా సర్దుకుంటాది."

మర్నాడు అతను తెల్ల చొక్కా వేసుకున్నాడు. పంచాయితీ రోజున వేసుకునే చొక్కా అది. పలాసలో పనుందన్నాడు. మంగ కూడా ఎండు చేపలు అమ్ముకోవాలని అదే ఆటో ఎక్కింది. జీడితోటల మధ్య నుంచి ఆటో పోతున్నంతసేపూ అతను జేబు తడుముకుంటూనే ఉన్నాడు. ఫోను మోగితే ఆటో దిగి, దూరంగా వెళ్ళి, ఎండలో నిలబడి మాట్లాడి వచ్చాడు.

బజారుకు పోకుండా మంగ అతని వెంట బ్యాంకులోకి నడిచింది. ఎందుకు నడిచిందో ఆమెకే తెలియదు. అతని మొహంలో ఏదో ఆమెను లాగింది. కౌంటర్లో ఉన్నది రజని అనే అమ్మాయి. కాగితం చూసి, అతని మొహం చూసి, మళ్ళీ కాగితం చూసింది.

"తాతగారూ, ఉన్నదంతా తీసేసి ఎవరికి పంపిస్తున్నారు?"

"మావోల్లకేనమ్మా."

"ఎవరైనా ఫోన్ చేసి పంపమన్నారా? ఇన్‌కం టాక్స్ అనో, పోలీసులమనో? ఈ మధ్య అలాంటి మోసాలు చాలా జరుగుతున్నాయి. భయపడకండి, నాతో చెప్పండి."

సింహాచలం కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. "నేదమ్మా. ఎవులూ సెయ్యనేదు. మావోల్లకే."

అతను అబద్ధమాడుతున్నాడని మంగకు ఆ క్షణమే తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె విన్న మొదటి అబద్ధం అది, అంత పేలవంగా ఉంది. కానీ ఆమె దానికి ఒక అర్థం అల్లుకుంది. ఈ సొమ్ము కుమారిది. పిల్ల కాలేజీకి కట్టే వేళయింది. యువరాజు చెవిన పడకుండా గుట్టుగా కడుతున్నాడు, అందుకే మావోళ్ళు అంటున్నాడు. ఎంత మంచి మనిషి నా మావ, అని కూడా అనుకుంది.

రజని ఆమె వైపు తిరిగింది. "అమ్మా, మీకు తెలుసా ఈ సంగతి?"

ఒక్క మాట. "తెలీదమ్మా, కొంచెం ఆగు" అనుంటే సరిపోయేది. ఆ అమ్మాయి మేనేజరును పిలిచేది, ఒక కుర్చీ వేసేది, ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చేది, ఆ కాసేపట్లో ముడి విడిపోయేది. మంగ తల ఊపింది.

"తెలుసమ్మా. మా మావ తప్పు పని సెయ్యడు" అంది.

సొమ్ము వెళ్ళిపోయింది.

వారం తిరిగాక కుమారి, ఇందు ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి వచ్చారు. ఇందుకు శ్రీకాకుళంలో సీటొచ్చింది. వచ్చే సోమవారం లోపల డబ్బు కట్టాలి. కుమారి పంచదార పొట్లం తెచ్చి మంగ నోట్లో పోసింది. తీపి ఇంకా నాలుక మీద కరగకముందే సింహాచలం అన్నాడు:

"పది రోజులాగాలే కుమారీ. సొమ్ము తగువులో ఉన్నాది. తేలగానే తిరిగొత్తాది."

మంగ నోట్లో పంచదార ఇసకలా అయిపోయింది. కాలేజీకి వెళ్ళలేదన్నమాట. మరి ఎక్కడికి వెళ్ళినట్టు? ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆమె అడిగింది.

"ఏ తగువు మావా? ఎవుల్ది?"

"నా మీదే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆదాయపు పన్ను ఆఫీసరునంటూ ఫోను వచ్చింది. పాన్ నంబరు వాడే చదివి వినిపించాడు. ఇంత సొమ్ము ఖాతాలో ఉంచుకుని పన్ను కట్టలేదు, వారంటు తయారైంది, పోలీసులు బయలుదేరుతున్నారు అన్నాడు. ఈ సొమ్ము ఎవరిదని అడిగాడు.

"కుమారిదంటే కుమారి ఇంటికెల్తారు గదా. మొగుడు సచ్చినందుకొచ్చిన సొమ్ముకి దాన్ని మల్లా ఆఫీసుల సుట్టూ తిప్పుతారు. అందుకే నాదే అన్నాను. అబద్దమాడినాను. ఇంక తప్పు నా మీదకొచ్చేసింది. ఆడెవుడో గానీ తొందర పెట్టనేదు, కొట్టనేదు, తిట్టనేదు. గారూ అన్నాడు. ముందు సొమ్ము మా కాడ పెట్టు, తేలితే తిరిగిచ్చేత్తామన్నాడు. న్యాయంగానే అడిగినాడు. మనం అడగమేటి అలగే?"

ఇందు మెల్లగా అతని పక్కన కూర్చుంది.

"తాతా, ఆల్లు పన్నోల్లు కారు. దొంగలు. పన్నోల్లు ఫోన్లో డబ్బులడగరు."

"పాన్ నంబరు సెప్పినాడే!"

"ఆ నంబర్లు బజార్లో అమ్ముతారు తాతా."

సింహాచలం ఆ పిల్ల మొహంలోకి చూశాడు. తప్పుందని తీర్పు వినిపించినప్పుడు పాకలో నిలబడ్డవాళ్ళు ఎలా చూస్తారో మంగకు వాళ్ళూ వీళ్ళూ చెప్పగా తెలుసు. అలాగే ఉంది ఆ చూపు.

ఇందు సైబర్ మోసాలు చెప్పుకునే 1930 నంబరుకు ఫోను చేసింది. అవతల మనిషి ఓపిగ్గానే అన్నీ రాసుకున్నాడు. సొమ్ము ఎప్పుడు పంపారని అడిగాడు. ఇందు చెప్పింది. పంపిన గంటల్లో చెప్పి ఉంటే ఆ ఖాతాను ఆపించే వీలుండేదని, ఇప్పటికి అది ఎన్ని చేతులు మారిందో చెప్పలేమని, అయినా ఫిర్యాదు తీసుకున్నామని అన్నాడు.

పలాసలో స్టేషన్‌కు కూడా వెళ్ళారు. అక్కడి ఎస్సై కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. బల్ల ముందు కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "చూడు పెద్దాయనా. పన్ను ఆఫీసు నోటీసు ఇస్తే దానికో నంబరుంటుంది, అది అసలుదో కాదో వాళ్ళ వెబ్‌సైట్లోనే చూసుకోవచ్చు. తెలియకపోతే చదువుకున్న పిల్లలకి చూపించు. అంతేగానీ ఫోన్లో అరెస్టులుండవు, ఫోన్లో విచారణలుండవు. ఎవరైనా డబ్బు పంపమంటే ఫోను పెట్టేసి ఇంట్లో ఒక్కరితో అను. ఒక్కరితో చాలు. అసలు ఎవరికీ చెప్పొద్దు అన్నాడంటేనే వాడు దొంగ."

"మా ఊల్లో అలగ కాదు బాబూ" అన్నాడు సింహాచలం. "మా ఊల్లో ఎవులికీ సెప్పకపోతేనే దొర."

ఎస్సై కలం కింద పెట్టాడు.

తన మీద పంచాయితీ పెట్టమని సింహాచలమే కబురు చేశాడు. వద్దన్నవాళ్ళు ఉన్నారు. మోసపోయినవాడికి తగువేమిటని బతిమాలారు. అతను వినలేదు. పొరుగింటి పాండును సాయం పట్టుకుని తన తెప్ప ఇంజను మోయించుకొచ్చి పాక మధ్యలో దించాడు, ధరావతు కింద. భుజాన కండువా తీసి, నడుముకు కట్టుకుని నిలబడ్డాడు. అతని చోట సన్యాసయ్య కూర్చున్నాడు. పాపం ఆ మనిషి, ముళ్ళ మీద కూర్చున్నట్టే అటూ ఇటూ కదులుతున్నాడు.

ఆడవాళ్ళు పాకలోకి రారు. ఆ రోజు మంగ వెళ్ళి గుంజ పట్టుకుని నిలబడింది. వెనకే కుమారి, ఇందు. వెళ్ళిపొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

యువరాజు లేచాడు. "ఫోనంట, ఆఫీసరంట! ఎవుడికి సెప్తన్నాడు కతలు? మా అన్న సొమ్ము మింగేసినాడు. ఉన్న మాట సెప్పడానికి నోరు రాక ఫోను మీద పెట్టినాడు."

అడ్డుకునేవాళ్ళు లేకపోలేదు. సన్యాసయ్య "నోరు మూయ్‌రా" అన్నాడు చివరికి. కానీ ఆ మాటకు ముందు పాకలో ఒక నిశ్శబ్దం గడిచింది. కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ అన్ని కళ్ళూ కిందికి దిగి ఇసుకను చూశాయి. ముప్ఫై ఏళ్ళు వీళ్ళ వలలకీ వాటాలకీ న్యాయం చెప్పిన మనిషి దొంగేమోనని వీళ్ళందరూ ఒక్క లిప్తపాటు అనుకున్నారు. సొమ్ము పోయినందుకు కాదు, ఆ లిప్తపాటుకే మంగ గుండె పగిలింది.

అప్పుడే సింహాచలం జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. "ఆల్లే" అన్నాడు.

"ఎత్తకు తాతా" అంది ఇందు.

"ఎత్తమను, మేమూ ఇంతాం ఆ ఆఫీసర్ని" అన్నాడు యువరాజు. ఇందు వచ్చి స్పీకర్ నొక్కింది.

అదే నెమ్మదైన గొంతు. "సింహాచలం గారూ, శుభవార్తండీ. మీ విచారణ పూర్తయింది. మీ వైపు తప్పేమీ లేదని తేలింది. మీ సొమ్ము తిరిగి పంపిస్తున్నాం. దానికి చిన్న రుసుము ఉంటుంది, అది కట్టేస్తే..."

సింహాచలం మొహం వెలిగింది. అన్నీ తెలిసి కూడా, స్టేషన్‌కు వెళ్ళొచ్చి కూడా, ఇందు నోటితో విని కూడా వెలిగింది. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి, సన్యాసయ్య వైపు తిరిగాడు.

"తేలిందంట!" అన్నాడు. "తప్పు నేదని తేలిందంట, సన్యాసీ!"

యువరాజు తల దించుకున్నాడు. నిజంగా తన అన్న పోయిన రోజున కూడా వాడు అంతగా తల దించలేదు. కుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

మంగ గుంజ వదిలి నడిచింది. మొగుడి చేతుల్లోంచి ఫోను తీసుకుంది. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ బజారులో చేపలు అమ్మిన గొంతు.

"ఓరి నాయనా, ఇను. ఇది మెట్టరేవు పాక. ఊరంతా కూకున్నాది. నీ మీద తగువుంది. మా మావ ధరావతు ఎట్టినాడు, ఇదుగో నా కళ్ళ ముందే ఉన్నాది. ఇప్పుడు నీ వంతు. నివ్వు తిన్నది తెచ్చి ఇక్కడెట్టు, కండువా నడుంకి కట్టుకుని నిలబడు. తప్పు నేదని తేలితే పైసా తగ్గకుండా నీకిచ్చేత్తాం. మాది దొంగ పంచాయితీ కాదు."

అవతల లైను తెగిపోయింది.

తీర్పు చెప్పడానికి సన్యాసయ్యకు ఎంతోసేపు పట్టలేదు. తప్పు లేదన్నాడు. ధరావతు తిరిగి తీసుకోమన్నాడు. మంగ కుమారి వైపు తిరిగి, బ్యాంకులో తాను తల ఊపిన సంగతి అక్కడే, అందరి ముందూ చెప్పింది. కుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి మెట్టరేవులో ఒక మాట మారింది. మాట వచ్చినవాడు నోరు కట్టేసుకోనక్కర్లేదు, ఇంట్లో ఒకరికైనా చెప్పి తీరాలి అని పెద్దలంతా ఒప్పుకున్నారు. మంచిదే. కాస్త ముందు తోచి ఉంటే ఇంకా మంచిది.

సింహాచలం ఇంజను ఇంటికి తీసుకెళ్ళలేదు. దాన్నీ, తెప్పనూ భావనపాడు వాళ్ళకు అమ్మేసి కుమారి చేతిలో పెట్టాడు. పోయినదానిలో అది ఏ మూలకూ రాలేదు. సోమవారం వచ్చింది, వెళ్ళింది. సీటు ఇంకెవరికో పోయింది. పోలీసులు ఫలానా రాష్ట్రంలో ఫలానా ఖాతా అంటారు, ఇంకా వెతుకుతున్నామంటారు. వచ్చే ఏడు చూద్దాంలే అని కుమారి అందరికీ చెబుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు కూతురి మొహం చూడదు.

ఇందు ఇప్పుడు పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తోంది. పిక్కలు కొట్టే పని. జీడి రసం అంటి వేళ్ళ కొసలు నల్లబడి, చర్మం ఒలిచిపోయింది. సూది పట్టి ఎవరి చేతినో నిమరాల్సిన వేళ్ళవి. మంగ కొబ్బరినూనె ఇచ్చి వస్తుంది, రాసుకోమని.

ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను ఎక్కించుకునే ఆటో పొద్దున్నే సింహాచలం ఇంటి ముందు నుంచే పోతుంది. ఆటో చప్పుడు వినగానే అతను అరుగు దిగుతాడు. భుజాన కండువా తీసి నడుముకు కట్టుకుంటాడు. ఆటో దాటేదాకా తల వంచుకుని దారి పక్కన నిలబడతాడు. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటోలో ఆడవాళ్ళు అటు చూడడం మానేశారు. మంగ ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. తప్పు నేదని తేలింది గదా మావా, అంది. తేల్చింది ఊరు, ఇందు గుంట కాదు గదా, అన్నాడతను.

మొన్న ఒకరోజు ఆటో ఇంటి ముందు ఆగింది. ఇందు దిగింది. తిన్నగా అతని దగ్గరకు వచ్చి నిలబడింది.

"తాతా, కండువా బుజానెయ్యి. నివ్వెయ్యకపోతే నాను బండెక్కను."

అతను కదల్లేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇందు కూడా కదల్లేదు. తర్వాత తన నల్లబడ్డ వేళ్ళతో అతని నడుము దగ్గర ముడి విప్పి, కండువా దులిపి, అతని భుజం మీద వేసింది. ముసలాయన పసిపిల్లాడిలా వేయించుకున్నాడు. పిల్ల వెనక్కి చూసుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కింది. భుజాన కండువాతో అతను చెయ్యి ఎత్తి ఊపాడు.

మంగ గుమ్మంలోంచి అంతా చూస్తోంది. హమ్మయ్య అనుకుంది. ఆటో జీడితోట మలుపు తిరిగింది, చప్పుడు కూడా వినపడకుండా పోయింది. అప్పుడు సింహాచలం భుజం మీది కండువా మెల్లగా తీసి, మళ్ళీ నడుముకు కట్టుకుని లోపలికి వచ్చాడు.